రెక్కలో కిరసనాయిలు, పక్కనే మన సీటు

గాజువాకలో ఉండే మా మావయ్యకు హైదరాబాద్ వెళ్ళే పని పడింది. రైలు దొరకలేదు, విమానం టికెట్ నేను బుక్ చేస్తున్నాను. సీటు ఎంచుకునే దగ్గరికి వచ్చేసరికి ఫోన్‌లోనే అడ్డం పడ్డాడు. "రెక్క పక్కన మాత్రం వొద్దురా అబ్బాయ్. ఆ రెక్కల నిండా పెట్రోలే కదేటి? కావాలంటే అన్నిటికన్నా వెనక మూల పడీ, పర్లేదు."

మావయ్య జీవితమంతా ఆయిల్ ట్యాంకర్ లారీ నడిపినవాడు. వీపు వెనకాల వేల లీటర్లు పెట్టుకుని ఘాట్ రోడ్లు ఎక్కి దిగినవాడు. ఆయనకే ఇంత టెన్షన్ ఉంటే మిగతావాళ్ళ సంగతి చెప్పేదేముంది? విమానం రెక్కల్లో ఇంధనం ఉంటుందని తెలిసిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది ఒకటే: అంత ప్రమాదకరమైన సరుకును మనుషుల పక్కనే, అదీ ఇంజన్లు వేలాడే చోటే ఎందుకు పెట్టారు, బుద్ధి లేకపోతే?

బుద్ధి ఉండే పెట్టారని నా వాదన. విమానం మొత్తంలో ఇంధనానికి రెక్కను మించిన చోటు లేదు. భయపడాల్సిన ట్యాంకు ఒకటుంది గానీ, అది రెక్కలోది కాదు.

ముందు పెట్రోలు సంగతి తేల్చేద్దాం. ప్రయాణికుల జెట్ విమానాల్లో పోసేది పెట్రోలు కాదు. మనం ఏటీఎఫ్ (విమాన ఇంధనం) అంటున్నది జెట్ ఏ-1, అంటే బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు జాతి. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. జెట్ ఏ-1కు కనీసం 38 డిగ్రీల వేడి తగిలితే గానీ అంటుకునేంత ఆవిరి రాదు. మన వైజాగ్ మే నెల ఎండలో తారు మీద నిలబెట్టిన దేనికైనా 38 దాటడం పెద్ద విషయమేం కాదు కదా అంటారా? నిజమే. ఆ అంకె గుర్తుంచుకోండి, కాసేపాగి దానితో పని పడుతుంది.

రెక్కల్లోనే ఎందుకు అని అడిగితే చాలామంది చెప్పే జవాబు "అక్కడ ఖాళీ ఉంటుంది కాబట్టి" అని. అది నిజమే గానీ అసలు కారణం అది కాదు. రెక్క లోపల ముందొక దూలం, వెనకొక దూలం, పైనా కిందా లోహపు రేకు, మధ్యలో అడ్డుగోడల్లాంటి రిబ్బులు ఉంటాయి. వాటి మధ్య పొడవాటి పెట్టె ఒకటి తయారవుతుంది. అందులో మనిషిని కూర్చోబెట్టలేం, సూట్‌కేసు పెట్టలేం. పాత విమానాల్లో ఆ ఖాళీలో రబ్బరు సంచులు పెట్టి వాటిలో ఇంధనం నింపేవారు. ఇప్పటి పెద్ద విమానాల్లో విడిగా ట్యాంకు అంటూ లేదు. అతుకులన్నిటికీ కారకుండా సీలెంట్ పూస్తారు, రెక్కలోని ఆ పెట్టె తనే ట్యాంకు అయిపోతుంది. కిటికీలోంచి మనకు కనబడే ఆ రేకుకు అటుపక్క నేరుగా ఇంధనమే.

ఖాళీ చోటు కథ ఇక్కడితో సరి. బరువు కథకు వద్దాం, నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది అదే.

మన్యంలో రోడ్డు లేని ఊళ్ళ నుంచి రోగుల్ని డోలీలో మోసుకొచ్చే ఫొటోలు పేపర్లో వస్తూనే ఉంటాయి (ఇంకా వస్తున్నాయన్నది వేరే బాధ). కర్రకు రెండు చివర్లా ఇద్దరు భుజం పెడతారు, బరువు నడుమ వేలాడుతుంది, కర్ర నడుం కిందికి దిగుతుంది. గాల్లో ఉన్న విమానానిదీ ఇదే అవస్థ. పైకి ఎత్తే బలమంతా రెండు పక్కలా రెక్కల మీద ఉంటుంది. మనుషులు, సామాన్లు, సీట్లు, టాయిలెట్లు అన్నీ నడుమ. దాంతో రెక్కలు పైకి వంగుతాయి, అవి మొండేన్ని అంటుకున్న మొదట్లో అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి పడుతుంది. డోలీలో బరువు కొంత తీసి మోసేవాళ్ళ భుజాల పక్కనే కడితే కర్ర అంత వంగదు. ఇంధనాన్ని రెక్కల్లో పోయడం అంటే అదే. గాలి రెక్కను ఎక్కడ పైకి తోస్తోందో సరిగ్గా అక్కడే టన్నుల బరువు కిందికి లాగుతూ ఉంటుంది. ఆ మేరకు రెక్క మొదట్లో భారం తగ్గుతుంది. అదే ఇంధనాన్ని "జాగ్రత్త కోసం" సామాన్ల గదిలో పెట్టారనుకోండి, అది రెక్కలకు ఇంకో మోత. తట్టుకోవాలంటే రెక్కను మరింత బలంగా, అంటే మరింత బరువుగా కట్టాలి. ఆ బరువు మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి.

ఇది పుస్తకాల్లో చెప్పుకునే ముచ్చట కాదు, విమానం బయల్దేరే ప్రతిసారీ కాగితం మీదికి వచ్చే లెక్క. ఇంధనం లేకుండా విమానం ఎంత బరువు ఉండొచ్చో ప్రతి మోడల్‌కూ ఒక పరిమితి ఉంటుంది. మన ఎయిర్‌పోర్టులో రోజూ కనిపించే ఎయిర్‌బస్ ఏ320 తీసుకుంటే, రకాన్ని బట్టి అది 62 టన్నుల చుట్టుపక్కల. అదే విమానం 77, 78 టన్నుల దాకా బరువుతో పైకి లేవగలదు. ఈ రెండు అంకెల మధ్య తేడాను మనుషులతో గానీ పార్సిళ్ళతో గానీ నింపడానికి వీల్లేదు. ఇంధనంతో మాత్రమే నింపాలి. రెక్కలో ఉన్న టన్ను, నడుమ ఉన్న టన్ను తూకంలో ఒకటే. విమానానికి మాత్రం ఒకటి కాదు.

వాడే వరుస కూడా దీన్నుంచే పుట్టింది. ఏ320లో రెండు రెక్కల్లో కలిపి దాదాపు 15,600 లీటర్లు పడుతుంది, నడుమ ట్యాంకులో ఇంకో 8,250 దాకా. నింపేటప్పుడు ముందు రెక్కలు నింపుతారు, చాలకపోతేనే నడుమ పోస్తారు. కాల్చేటప్పుడు తిరగేస్తారు: నడుమది ముందు అయిపోవాలి, రెక్కలది తర్వాత. రెక్కల్లో కూడా మొండేనికి దగ్గరగా ఉన్న గదిలోది ముందు ఖర్చవుతుంది. పాత ఏ320ల్లో ఆ లోపలి గది 750 కిలోలకు పడిపోయాక గానీ చివరి గది వాల్వు తెరుచుకోదు. చిట్టచివర ఉన్న ఆ కాస్త బరువు వీలైనంతసేపు అక్కడే ఉండి రెక్కను కిందికి నొక్కుతూ ఉండాలి. మనం జీడిపప్పు ప్యాకెట్ చింపుకుంటూ కూర్చున్నంతసేపూ ఈ పని పక్కనే జరుగుతూ ఉంటుంది.

ఆ రెక్క ఎంతకు తట్టుకుంటుందని అనుమానం ఉన్నవాళ్ళకు ఒక్క మాట. 1995లో బోయింగ్ 777 రెక్కల్ని కావాలనే విరిగేదాకా వంచి చూశారు. నిజమైన ప్రయాణంలో రాగల గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్నది నిబంధన. 154 శాతం దగ్గర విరిగాయి, అప్పటికి రెక్కల కొసలు 24 అడుగులు పైకి లేచి ఉన్నాయి.

మన ఊళ్ళో ఇదంతా దగ్గర్నుంచి చూసే వీలు ఉన్నా ఎవరూ చూడరు. ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ ఎదురుగా టీయూ-142 విమానం ఉంది కదా. 1988 నుంచి 2017 దాకా నేవీలో సముద్రం మీద నిఘా తిరిగి రిటైరైంది. విడదీసి, రోడ్డు మీద తెచ్చి, మళ్ళీ బిగించి 2017 డిసెంబరులో మ్యూజియంగా తెరిచారు. వచ్చినవాళ్ళు ఆ ఎదురుబొదురు తిరిగే జంట ప్రొపెల్లర్ల దగ్గర సెల్ఫీ తీసుకుని లోపలికి వెళ్ళి బయటికి వచ్చేస్తారు. నేను చుట్టాలను తీసుకెళ్ళినప్పుడల్లా రెక్క కిందికి లాక్కెళ్తాను. అది గంటల తరబడి నేల కనబడకుండా తిరగగలిగిందంటే అందుకు కావలసిన ఇంధనంలో ఎక్కువ భాగం ఆ బారు రెక్కలు మోయబట్టే. రెక్క పొడవు, మందం చూస్తే "ఇందులోనా!" అన్న మాట దానంతటదే వస్తుంది. ఆ మాట కోసమే తీసుకెళ్తాను.

అలాగే నేవీ డే విన్యాసాలప్పుడు బీచ్‌లో పిల్లలు యుద్ధ విమానాల కింద వేలాడే బొంగుల్లాంటివి చూసి "బాంబులు, బాంబులు" అని అరుస్తారు. చాలాసార్లు అవి అదనపు ఇంధన ట్యాంకులు. యుద్ధ విమానం రెక్క పలచన, అందులో ఎక్కువ పట్టదు. అందుకే ఇంధనంలో పెద్ద భాగం మొండెంలో, ఇంజన్ చుట్టూ సర్దుతారు. చాలనప్పుడు కింద వేలాడదీస్తారు, అవసరమైతే వదిలించుకుంటారు. రెక్క మందంగా ఉన్న చోట ఒక పద్ధతి, పలచగా ఉన్న చోట ఇంకొకటి.

ఇంకొకటి కూడా చూడొచ్చు, విమానం దిగాక మెట్ల మీంచి నడిచే రోజైతే. పైన మైనస్ 50 డిగ్రీల చలిలో తిరిగొచ్చిన ఇంధనం రెక్కలో ఇంకా చల్లగానే ఉంటుంది. మన సముద్రపు గాలిలో తేమకు తక్కువేముంది? రెక్క కింద ఇంధనం తగులుతున్న మేరకు నీటి బొట్లు పడతాయి, మిగతా చోటు పొడిగా ఉంటుంది. లోపల ట్యాంకు ఎక్కడిదాకా ఉందో ఎవరో తడిచేత్తో గీసినట్టు కనబడుతుంది. ఆ చలికి కూడా లెక్క ఉంది: జెట్ ఏ-1 మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదన్నది ప్రమాణం. అందులో కలిసిన నీటిచుక్క మాత్రం గడ్డకడుతుంది. 2008 జనవరిలో బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బోయింగ్ 777కు దిగే ముందు రెండు ఇంజన్లకూ ఇంధనం సరిగా అందక రన్‌వేకి ముందే పడిపోవడానికి కారణం అలాంటి మంచుగడ్డలే. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. ఇంధనం పోసేటప్పుడు నీళ్ళుంటే రంగు మారే చిన్న క్యాప్సూల్‌తో పరీక్ష చేసేది అందుకే.

సరే, రెక్క ట్యాంకు మచ్చ లేనిదా అంటే కాదు. 1985 ఆగస్టులో మాంచెస్టర్‌లో బోయింగ్ 737 ఇంజన్ ముక్క ఒకటి ఎగిరి రెక్క అడుగున ఉండే మూతను పగలగొట్టింది. రిపేరు చేసేవాళ్ళు ట్యాంకులోకి దూరడానికి పెట్టిన మూత అది. ఇంధనం కారి అంటుకుంది, 55 మంది చనిపోయారు. ఆ మూతల్ని గట్టిగా చేయాలన్న నిబంధన తర్వాత వచ్చింది. 2000 జులైలో పారిస్‌లో కాంకార్డ్ టైరు పేలి దాని ముక్క రెక్క ట్యాంకును కొట్టింది. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు పోయారు. మావయ్య ఈ రెండూ చూపించి వాదిస్తే నా దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కటే అడుగుతాను: ఆ ఇంధనం మొండెంలో, సీట్ల కింద ఉండి ఉంటే ఏమయ్యేది?

ఉంది. సీట్ల కింద కూడా ఉంది. రెండు రెక్కలూ కలిసే చోట, విమానం పొట్టలో ఉన్న ఆ నడుమ ట్యాంకు గురించే నేను మొదట్లో అన్నది. విచిత్రమేమిటంటే అది నిండుగా ఉన్నప్పుడు కాదు, ఖాళీగా ఉన్నప్పుడు భయపడాలి.

1996 జులై 17న న్యూయార్క్ నుంచి పారిస్ బయల్దేరిన బోయింగ్ 747 కాసేపటికే గాల్లో పేలిపోయింది. 230 మంది. బాంబు అన్నారు, క్షిపణి అన్నారు, ఏళ్ళ తరబడి దర్యాప్తు జరిగింది. తేలింది ఏమిటంటే, దాదాపు 49,000 లీటర్లు పట్టే నడుమ ట్యాంకులో ఆ రోజు 200 లీటర్లు కూడా లేవు. ఆ రోజు వాడనక్కర్లేదని వదిలేసిన ట్యాంకు అది. దాని కిందే ఏసీ యంత్రాలుంటాయి. బయల్దేరడం ఆలస్యమై అవి గంటల తరబడి నడిచాయి. అడుగున మిగిలిన ఆ కాస్త ఇంధనం వేడెక్కి, ఆవిరై, గాలితో కలిసింది. నిప్పురవ్వ ఎక్కణ్ణుంచి వచ్చిందో నూటికి నూరుపాళ్ళు తేల్చలేకపోయారు. ట్యాంకు బయట వైర్లలో షార్ట్ సర్క్యూటై, ఇంధనం కొలిచే తీగల గుండా లోపలికి వచ్చి ఉంటుందన్నారు. ఇదొక్కటే అయితే దురదృష్టం అనుకోవచ్చు. 1990 మేలో మనీలాలో, 2001 మార్చిలో బ్యాంకాక్‌లో బోయింగ్ 737లు నేల మీదే ఇలా పేలాయి. మొదటిదాంట్లో ఎనిమిది మంది, రెండోదాంట్లో ఒక సిబ్బంది చనిపోయారు. రెండూ మనలాంటి ఉక్కపోత ఊళ్ళు. రెంటిలోనూ నడుమ ట్యాంకు దాదాపు ఖాళీ. ఇందాక గుర్తుంచుకోమన్న 38 డిగ్రీలు ఇక్కడికే వచ్చి తగులుతుంది.

ఈ సంగతి మావయ్యకు చెబితే వింతగా చూడలేదు. "అదేటి కొత్త? ఖాళీ ట్యాంకరే కదా యముడు" అన్నాడు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాళ్ళు ఆయిల్ ట్యాంకర్ తెస్తే వెంటనే ముట్టుకోరట. బాగా కడిగి, ఆవిరి పట్టి, నీళ్ళు నింపి, అప్పుడు గానీ గన్ను పట్టరు. ద్రవం అంటుకోదు, ఆవిరి అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటెక్కడిది? ముప్పై ఏళ్ళ సర్వీసులో చేతికి తెలిసిన ఆ సంగతి విమానం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు పనిచేయలేదో మరి, రెక్కను చూసి భయపడ్డాడు, కాళ్ళ కింద ఏముందో అడగలేదు.

విమానాల వాళ్ళు దీనికి కనిపెట్టిన మందు చాలా తెలివైనది. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్‌ను ట్యాంకు లోపల 12 శాతం కన్నా కిందికి తెస్తే ఆవిరి ఎంత ఉన్నా అంటుకోదు. అందుకని గాలిని సన్నటి గొట్టాల కట్టల గుండా పంపి నత్రజని వేరు చేసి, ఆ ఖాళీలోకి వదులుతారు. ఇలాంటి ఏర్పాటు ఉండాలని అమెరికా 2008లో నిబంధన తెచ్చింది. 1996 నుంచి పన్నెండేళ్ళు. ఆలస్యమే, ఖర్చు గురించి కంపెనీలు గొణిగిన మాటా నిజమే. అయినా వచ్చింది.

వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు ఏ320కి జాగ్రత్త నిల్వలతో కలిపి సుమారు ఆరేడు టన్నులుంటే సరిపోతుంది. అది రెక్కల్లోనే పట్టేస్తుంది, నడుమ ట్యాంకుతో పనిలేదు. ఈ చిన్న సంగతి కూడా జనానికి చేరదు. 2025 జూన్‌లో అహ్మదాబాద్‌లో విమానం కూలిన ఘోరం జరిగినప్పుడు 1.25 లక్షల లీటర్ల ఇంధనం అన్న అంకె ప్రతి చానెల్లో తిరిగింది. అది ఆ రకం విమానంలో పట్టే మొత్తానికి దగ్గర అంకె. నెల తర్వాత వచ్చిన ప్రాథమిక నివేదికలో ఉన్నది 54,200 కిలోలు, అంటే సుమారు 67,000 లీటర్లు. మంటకు అదీ చాలు, కాదనను. కానీ ట్యాంకు ఎంత పడుతుందన్నదీ, అందులో ఎంత ఉందన్నదీ వేరువేరని కూడా చెప్పకుండా జనాన్ని భయపెట్టడం నాకు నచ్చదు. ఆ నివేదిక అంకెను పట్టించుకున్న చానెల్ నాకు కనబడలేదు.

ఇదంతా విమానం మీద ప్రేమతో రాస్తున్నది కాదు. నా కోపం వేరే చోట ఉంది. మనది ట్యాంకుల ఊరు. 1957 నుంచి ఇక్కడ రిఫైనరీ ఉంది, మల్కాపురం, శ్రీహరిపురం వాళ్ళు మేడెక్కితే ట్యాంకులే కనబడతాయి. 1997 సెప్టెంబరు 14న అక్కడ గ్యాస్ లీకై అంటుకుంటే అరవై మంది దాకా పోయారు. ఇక 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకై జరిగింది ఎవరూ మర్చిపోలేదు. అక్కడి స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం) ట్యాంకు ఖాళీ కాదు. కానీ లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి, ఆ ట్యాంకు పనిలో లేకుండా ఉండిపోయింది. లోపలి సరుకు మెల్లగా వేడెక్కుతూ పోయింది. చల్లబరిచే ఏర్పాటు సరిగా లేదని, సరుకును కలియతిప్పే వ్యవస్థ లేదని, ట్యాంకు డిజైన్‌లోనే లోపం ఉందని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. పన్నెండు మంది చనిపోయారు. న్యూయార్క్ విమానంలోనూ అంతే, "ఇవాళ దాంతో పని లేదు" అనుకున్న ట్యాంకు అది.

రెక్కలో ప్రతి గదిలో ఎంత ఉందో, ఎంత చల్లగా ఉందో కాక్‌పిట్‌లో అంకెలు వెలుగుతూ ఉంటాయి. ఎంత నింపాలో కెప్టెన్ నిర్ణయిస్తాడు, ఎంత నింపారో కాగితం మీదికి వస్తుంది, తేడా వస్తే విమానం కదలదు. నేల మీది ట్యాంకు పక్కన పడుకునే మనిషికి ఏం తెలుసు? ప్రమాదకర రసాయనాల నిల్వ మీద 1989లోనే కేంద్రం నిబంధనలు చేసింది. పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బ తగిలే అవకాశం ఉన్న జనానికి అక్కడ ఏముందో, ఏదైనా జరిగితే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచాలని వాటిలో పదిహేనో నిబంధన. మీ ఇల్లు ఏ ట్యాంకుకైనా దగ్గర్లో ఉంటే ఓసారి గుర్తు తెచ్చుకోండి, అలా చెప్పడానికి మీ వీధికి ఎవరైనా వచ్చారా? రాకపోతే ఆ నిబంధన నంబరు వేసి కలెక్టరాఫీసుకు ఒక అర్జీ పెట్టండి. మా వీధి తరఫున రాసిన దాని మీద మావయ్య మొదటి సంతకం పెట్టాడు.